పంపు మార్చినా తగ్గని లీన్: టర్బో పెట్రోల్ కారులో ఫ్యూయల్ ప్రెషర్ కేస్ స్టడీ

బండి: 2.0 లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో పెట్రోల్. పోర్ట్ ఇంజెక్షన్, ట్యాంకు లోపల పంపు, ఫ్యూయల్ రెయిల్ (ఇంజెక్టర్లకు ఇంధనం పంచే పైపు) చివర వ్యాక్యూమ్ గొట్టం తగిలించిన రెగ్యులేటర్ (ప్రెషర్‌ను అదుపులో ఉంచేది), అక్కడి నుంచి ట్యాంకుకు రిటర్న్ లైన్. బేస్ ప్రెషర్ 3.0 బార్. పెద్ద టర్బో వేసి బూస్ట్‌ను (టర్బో గాలిని నెట్టే అదనపు ప్రెషర్‌ను) 1.4 బార్‌కు తెచ్చారు, ఇంజెక్టర్లు నిమిషానికి 630 సీసీ పోసేవి పెట్టారు. పాత పంపు తీసేసి గంటకు 255 లీటర్ల తరగతి పంపు కూడా దింపారు. క్రాంక్ దగ్గర 320 హెచ్‌పీ లక్ష్యం.

ఫిర్యాదు ఏమిటంటే, ఇవన్నీ మార్చాక కూడా 5,500 ఆర్‌పీఎం దాటగానే మిశ్రమం పలచబడుతోంది, అంటే లీన్ (గాలికి ఇంధనం తక్కువ) అవుతోంది. ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) గాలి–ఇంధన నిష్పత్తి 11.6 అడుగుతుంటే, 6,200 దగ్గర వైడ్‌బ్యాండ్ సెన్సార్ (పొగను బట్టి ఆ నిష్పత్తి కొలిచేది) 13.2 చూపిస్తోంది. అంత బూస్ట్‌లో 13.2 అంటే నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి మండటం) మొదలై, పిస్టన్ రింగుల మధ్య గట్టు విరిగే స్థాయి. ఈ రీడింగ్ కనబడిన బండిని కారణం తేలేదాకా బూస్ట్‌లోకి తీసుకెళ్లకూడదు. పై ఆర్‌పీఎంలో మ్యాప్‌కు (ఈసీయూలోని ఇంధన పట్టికకు) ఇంకో పది శాతం ఇంధనం కలిపి పంపేయడం మాత్రం అస్సలు చేయకూడదు. అలా చేస్తే ఈరోజుకు నిష్పత్తి సరిగ్గా కనబడుతుంది. రేపు ఎండ పెరిగినా, ట్యాంకు సగానికి దిగినా మళ్లీ లీన్ అవుతుంది, ఈసారి ఇంజెక్టర్‌కు తెరుచుకునే సమయం మిగలదు.

ఇంజిన్‌కు నిజంగా ఎంత కావాలి

టర్బో పెట్రోల్ ఇంజిన్ నిండు లోడ్‌లో ఒక్కో హెచ్‌పీకి గంటకు సుమారు 0.28 కిలోల ఇంధనం తాగుతుంది. 320 హెచ్‌పీకి 89.6 కిలోలు. పెట్రోల్ సాంద్రత లీటరుకు 0.745 కిలోలు అనుకుంటే గంటకు 120 లీటర్లు. దాన్ని నాలుగింటికి పంచితే ఒక్కో ఇంజెక్టర్‌కు నిమిషానికి 500 సీసీ. 630 సీసీ ఇంజెక్టర్ 80 శాతం డ్యూటీలో (మొత్తం సమయంలో తెరిచి ఉండే వంతు) ఆ పని చేసేస్తుంది. అంటే ఇంజెక్టర్ల ఎంపికలో తప్పు లేదు.

పంపు విషయంలో లెక్క ఇంత సూటిగా ఉండదు. డబ్బా మీద రాసిన 255 లీటర్లు తక్కువ ప్రెషర్‌లో, 13.5 వోల్టుల దగ్గర కొలిచిన అంకె. ప్రెషర్ పెరిగితే ఫ్లో తగ్గుతుంది, వోల్టేజి తగ్గితే ఇంకా వేగంగా తగ్గుతుంది. ఈ బండిలో పంపు మోయాల్సిన ప్రెషర్ 3.0 బార్ కాదు. బేస్ 3.0, దాని మీద బూస్ట్ 1.4, పైగా ఫిల్టర్‌లోనూ పైపుల్లోనూ పోయేది మరికొంత. ఎంత తక్కువ వేసుకున్నా 4.6 బార్ అవుతుంది. పంపు కొనేటప్పుడు గ్రాఫ్‌లో చూడాల్సింది ఈ ప్రెషర్ దగ్గర, ఆ బండి వైరింగ్ అందించే వోల్టేజిలో ఎన్ని లీటర్లు వస్తాయన్నది. అవసరానికి కనీసం 25 శాతం ఎక్కువ, అంటే ఇక్కడ 150 లీటర్లు, ఆ బిందువు దగ్గర రావాలి.

రెయిల్ దగ్గర ఏం కనబడింది

రెయిల్‌కు 10 బార్ ఎలక్ట్రానిక్ సెన్సార్ బిగించి, మ్యానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారి) ప్రెషర్‌తో కలిపి లాగ్ చేశాం. మెకానికల్ గేజ్‌ను గొట్టంతో కేబిన్‌లోకి తెచ్చే పద్ధతి వద్దు. గొట్టం తెగితే 4 బార్ పెట్రోల్ డ్రైవర్ ఒళ్లోకి వస్తుంది.

చూడాల్సిన అంకె రెయిల్ ప్రెషర్ ఒక్కటే కాదు, రెయిల్ ప్రెషర్ నుంచి మ్యానిఫోల్డ్ ప్రెషర్ తీసేయగా మిగిలేది. ఇంజెక్టర్ ముక్కుకు అటూ ఇటూ ఉన్న తేడా అదే. రెగ్యులేటర్ సరిగ్గా పనిచేస్తే ఐడ్లింగ్‌లోనైనా నిండు బూస్ట్‌లోనైనా ఆ తేడా 3.0 దగ్గరే నిలవాలి. ఈ బండిలో 4,800 ఆర్‌పీఎం వరకు నిలిచింది, తర్వాత జారడం మొదలైంది. 6,200 దగ్గర రెయిల్‌లో 4.4 ఉండాల్సింది 3.7 ఉంది, తేడా 2.3.

ఇంజెక్టర్ ఫ్లో ఈ తేడా వర్గమూలాన్ని బట్టి మారుతుంది. 2.3ను 3.0తో భాగించి వర్గమూలం తీస్తే 0.876. అంటే పన్నెండు శాతానికి పైగా ఇంధనం తక్కువ పడుతోంది. 11.6ను 0.876తో భాగిస్తే 13.2. వైడ్‌బ్యాండ్ చూపించింది సరిగ్గా అదే. ఈ లెక్క కుదిరిందంటే ఇంజెక్టర్లను, మ్యాప్‌ను, ఎయిర్ లీకులను అనుమానించే పని ఉండదు. లోపం మొత్తం సరఫరా వైపే ఉంది. కుదరకపోయి ఉంటే వెతుకులాట ఇంకో దారిలో సాగేది. అందుకే ఈ భాగహారం చేయకుండా ఏ భాగాన్నీ విప్పకూడదు.

ఇక్కడ చాలామంది రెగ్యులేటర్ స్క్రూ తిప్పి బేస్ ప్రెషర్ 3.5కు పెంచుతారు. అది సమస్యను తీర్చదు. పంపు అప్పటికే చేతులెత్తేసింది, రెగ్యులేటర్ పూర్తిగా మూసుకుని ఉంది, స్క్రూ తిప్పినా పైన ప్రెషర్ పెరగదు. తక్కువ ఆర్‌పీఎంలో రిచ్ (గాలికి ఇంధనం ఎక్కువ) అవుతుంది, పైన లీన్ అలాగే ఉంటుంది.

బండి కదలకుండా ఫ్లో కొలవడం

ఇంజిన్ ఆపి, బ్యాటరీకి ఛార్జర్ తగిలించి 13.9 వోల్టుల దగ్గర నిలిపాం. రెగ్యులేటర్ వ్యాక్యూమ్ గొట్టం తీసి, ఆ నిపుల్‌కు చేతి పంపుతో 1.4 బార్ గాలి ఇచ్చి పట్టుకుంటే రెయిల్ ప్రెషర్ 4.4కు చేరాలి. రిటర్న్ గొట్టాన్ని లోహపు క్యాన్‌లోకి మళ్లించి, పంపును 30 సెకన్లు నడిపి పట్టాలి. క్యాన్‌ను బండి బాడీకి తీగతో ఎర్త్ చేయాలి. పారే పెట్రోల్ స్టాటిక్ కరెంటు పుట్టిస్తుంది. గాలి బాగా ఆడే చోట, మంటలార్పే సిలిండర్ చేతికందే దూరంలో పెట్టుకుని చేయాల్సిన పని ఇది.

30 సెకన్లలో 0.74 లీటర్లు పడింది. గంటకు 89 లీటర్లు. కావాల్సింది 120. కొత్త పంపు పాడై ఉండొచ్చనే అనుమానం ఇక్కడ సహజం. పేరున్న పంపులకు నకిలీలు చాలానే తిరుగుతున్నాయి కూడా. కానీ పంపును బయటకు తీయకముందే దాని రెండు తీగల దగ్గర వోల్టేజి చూడాలి, ఫిల్టర్‌కు ముందూ వెనకా ప్రెషర్ చూడాలి. ఈ రెండూ పది నిమిషాల పని.

పంపు నడుస్తుండగా ట్యాంకు పైన ఉన్న కప్లర్ దగ్గర వచ్చింది 10.6 వోల్టులే. బ్యాటరీ దగ్గర 13.9. మధ్యలో 3.3 వోల్టులు పోతున్నాయి. మల్టీమీటర్ ఒక ముల్లు బ్యాటరీ పాజిటివ్ మీద, ఇంకోటి పంపు పాజిటివ్ మీద పెడితే 2.4. బ్యాటరీ నెగటివ్ నుంచి పంపు నెగటివ్‌కు 0.9. పంపు ఆపి కొలిస్తే ఇవేవీ కనబడవు. కరెంటు పారితేనే నష్టం బయటపడుతుంది, కాబట్టి కప్లర్ ఊడదీసి ఖాళీ తీగ దగ్గర 12.5 వోల్టులు చూసి వైరింగ్ బాగుందనుకోవడం పొరపాటు.

కంపెనీ వైరింగ్ చిన్న పంపు కోసం వేసినది. 1.25 చదరపు మి.మీ. రాగి తీగ మీటరుకు సుమారు 14 మిల్లీఓమ్‌ల నిరోధం ఇస్తుంది. ఆరు మీటర్లకు 10 ఆంపియర్లు పారితే 0.8 వోల్టు తీగలోనే పోతుంది. మిగతా 1.6 వోల్టులు రిలే కాంటాక్టుల్లో, ఫ్యూజ్ సాకెట్‌లో, ట్యాంకు మీది కప్లర్‌లో పోతున్నాయి. ఆ కప్లర్ పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగు తిరిగింది. ఇంకొన్నాళ్లు నడిపితే కరిగిపోయేది.

ఫిల్టర్‌కు ముందు గేజ్, తర్వాత గేజ్ పెడితే 0.6 బార్ తేడా. పంపు మార్చినప్పుడు ఫిల్టర్ ముట్టుకోలేదు. పంపు నిజంగా మోస్తున్నది 5 బార్, అదీ 10.6 వోల్టులతో. అలాంటి చోట 89 లీటర్లు రావడంలో ఆశ్చర్యం లేదు.

వైరింగ్

బ్యాటరీ నుంచి నేరుగా 4 చదరపు మి.మీ. తీగ, బ్యాటరీకి జానెడు దూరంలోపే 20 ఆంపియర్ ఫ్యూజ్, వెనక పంపుకు దగ్గరగా 40 ఆంపియర్ రిలే. రిలే 30వ కాలుకు కొత్త తీగ, 87 నుంచి పంపుకు. పాత పంపు తీగను కోసేయకుండా 86కు కలిపి, 85ను ఎర్త్ చేయాలి. ఇలా చేస్తే పంపును ఎప్పుడు నడపాలో ఎప్పుడు ఆపాలో ఈసీయూయే నిర్ణయిస్తుంది. తాళం తిప్పగానే రెండు మూడు సెకన్లు ప్రైమ్ చేయడం (పైపుల్లో ప్రెషర్ నింపడం), ఇంజిన్ ఆగితే పంపును కట్ చేయడం యథాతథంగా ఉంటాయి. పంపును నేరుగా తాళానికి కలిపేస్తే, గుద్దుకుని ఇంజిన్ ఆగిపోయిన బండిలో కూడా పంపు తెగిన పైపులోంచి పెట్రోల్ పోస్తూనే ఉంటుంది. ఈ ఒక్క విషయంలో రాజీ ఉండకూడదు.

ఎర్త్‌ను ఎవరూ పట్టించుకోరు, కానీ ఇక్కడ 0.9 వోల్టు పోయింది అక్కడే. పంపు నెగటివ్‌కూ 4 చదరపు మి.మీ. తీగ వేసి, పెయింటు గీకిన బాడీ లోహం మీద బోల్టుతో బిగించి, పైన తుప్పు పట్టకుండా గ్రీజు పూశాం.

ట్యాంకు మూతలోంచి లోపలికి వెళ్లే పిన్నులు కూడా 12–13 ఆంపియర్లకు సరిపోవాలి. పాత కప్లర్ తీసేసి, మూతకు రంధ్రం చేసి సీలుతో బిగించే టెర్మినళ్లు వేశాం. లోపలి తీగలకు పెట్రోల్‌ను తట్టుకునే టెఫ్లాన్ రకం ఇన్సులేషన్ ఉండాలి. మామూలు పీవీసీ తీగ, మామూలు హీట్ ష్రింక్ ట్యూబు పెట్రోల్‌లో గట్టిపడి పెళుసై ఊడిపోతాయి.

ట్యాంకు తెరిచినప్పుడు

పంపు ఫ్యూజ్ తీసి ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడిపితే రెయిల్ ప్రెషర్ దిగుతుంది. తర్వాత బ్యాటరీ నెగటివ్ తీసేయాలి. ట్యాంకులో పావు వంతుకు మించి పెట్రోల్ ఉండకూడదు. లాక్ రింగును ఇత్తడి పుల్లతో తట్టి తిప్పాలి, స్టీలు ఉలితో నిప్పురవ్వ వస్తుంది. మూత కింది రబ్బరు రింగ్ బయటకు రాగానే ఉబ్బుతుంది, తిరిగి గాడిలో కూర్చోదు. కొత్తది చేతిలో పెట్టుకునే తెరవాలి.

ఈ బండిలో పంపును హ్యాంగర్‌కు (దాన్ని ట్యాంకులో వేలాడదీసే చట్రానికి) కలిపిన గొట్టం మామూలు ఇంజెక్షన్ హోస్. ఎస్‌ఏఈ జే30ఆర్9 రకం లోపల పెట్రోల్ పారడానికి చేసింది, బయటి పొర పెట్రోల్‌లో మునిగి ఉండటానికి కాదు. మునిగితే ఆ పొర మెత్తబడి, పగిలి, ట్యాంకులోనే ప్రెషర్ లీకవుతుంది. బయట చుక్క కనబడదు, రెయిల్‌లో మాత్రం ప్రెషర్ పడిపోతుంది. ట్యాంకు లోపల జే30ఆర్10 అని ముద్ర ఉన్న గొట్టమే వాడాలి. పాతదానికి పగుళ్లు ఇంకా రాలేదు, అయినా మార్చాం. అంచు నున్నగా ఉండే ఇంజెక్షన్ క్లిప్పులు రెండు చివర్లా వేశాం. పళ్ల పట్టీ ఉన్న క్లిప్ గొట్టాన్ని కోసేస్తుంది.

పంపు అడుగున జల్లెడ సంచి ట్యాంకు నేలను దాదాపు తాకేలా ఉండాలి. కొత్త పంపు పొడవు పాతదానికంటే అర సెంటీమీటరు తక్కువైనా ఆ మేరకు ట్యాంకు అడుగున పెట్రోల్ అందదు. మూత అంచు నుంచి సంచి అడుగుదాకా పాత కొలత రాసుకుని, కొత్తదాన్ని అదే కొలతకు దించాలి. సంచి మడత పడకూడదు. మడత పడితే పంపు పీల్చే వైపు ఆవిరి బుడగలు పుట్టి, పంపు కూస్తుంది, త్వరగా అరిగిపోతుంది.

ఫిల్టర్ మార్చి మళ్లీ 30 సెకన్లు పట్టాం. 1.62 లీటర్లు, గంటకు 194. పంపు దగ్గర 13.4 వోల్టులు, ఫిల్టర్‌లో నష్టం 0.15 బార్. పంపు అదే.

రెండో చివర బయటపడిన లోపం

బూస్ట్‌లో ఇప్పుడు 6,500 వరకు తేడా 2.98. కానీ ఐడ్లింగ్ చెడింది. ఈసీయూ ఆరేడు శాతం ఇంధనం కోస్తూ నడుపుతోంది, వేడి ఇంజిన్ స్టార్ట్ చేస్తే పెట్రోల్ వాసన. పంపుకు పూర్తి వోల్టేజి అందాక వచ్చే ఈ మార్పును చాలామంది ఇంజెక్టర్ల మీదికి నెట్టేస్తారు.

ఐడ్లింగ్‌లో మ్యానిఫోల్డ్ మైనస్ 0.65 బార్. రెయిల్ 2.35 ఉండాలి. 2.75 ఉంది. వ్యాక్యూమ్ గొట్టం తీసేస్తే మాత్రం సరిగ్గా 3.0 చూపిస్తోంది. మోసపోయేది ఇక్కడే: బేస్ ప్రెషర్‌ను గొట్టం తీసే సెట్ చేస్తాం కాబట్టి అంతా బాగుందనిపిస్తుంది. గొట్టం తిరిగి తగిలించాక ప్రెషర్ దిగుతోందా లేదా అని కూడా చూడాలి. దిగకపోతే రెగ్యులేటర్ పూర్తిగా తెరుచుకుని కూడా మిగులు పెట్రోల్‌ను వదిలించుకోలేకపోతోందని అర్థం. తేడా 3.4 అయితే ఇంజెక్టర్లు 6.5 శాతం ఎక్కువ పోస్తాయి. ఈసీయూ కోస్తున్నదీ అంతే.

నిండు వోల్టేజిలో పంపు ఇచ్చే సుమారు 240 లీటర్లలో ఐడ్లింగ్‌లో ఇంజిన్ తాగేది ఒకటి రెండు లీటర్లే. మిగతాదంతా రిటర్న్‌లో పోవాలి. రెగ్యులేటర్ బయటి వైపు గేజ్ పెడితే 2.5 బార్ ఎదురు ప్రెషర్. రిటర్న్‌ను ట్యాంకు చివర విప్పి క్యాన్‌లోకి వదిలితే 0.9కు పడింది, రెయిల్ 2.35కు దిగింది. రెగ్యులేటర్‌దీ కాదు, పొడవాటి పైపుదీ కాదు తప్పు. ట్యాంకు లోపల హ్యాంగర్‌లో రిటర్న్ చివర ఉన్న 2.2 మి.మీ. జెట్‌ది. ఈ కొలత చేయకపోతే పెద్ద రెగ్యులేటర్ కొని, కారు పొడవునా కొత్త పైపు వేసి కూడా ఫలితం లేకపోయేది.

ఆ జెట్ ఊరికే పెట్టింది కాదు. అందులోంచి దూకే పెట్రోల్ చుట్టూ ఉన్న పెట్రోల్‌ను లాక్కుని పంపు కూర్చున్న బుట్టను నింపుతుంది. తీసేస్తే మలుపుల్లో పంపు గాలి పీలుస్తుంది. రెండు గదుల ట్యాంకు ఉన్న కార్లలో అవతలి గదిలోని పెట్రోల్ ఇక్కడికి రాదు, సగం ట్యాంకుతోనే బండి ఆగిపోతుంది. కాబట్టి జెట్‌ను ఉంచి, దాని పక్కన టీ వేసి 3 మి.మీ. రంధ్రంతో రెండో దారి ఇచ్చాం, అదీ బుట్టలోకే పడేలా. ఫ్లో రంధ్రాల వైశాల్యాన్ని బట్టి పంచుకుంటుంది, జెట్‌కు మూడో వంతుకు పైగా, 80 లీటర్లు దాటి అందుతుంది. రెండో దారిని పెద్ద పైపుతో తెరిచేస్తే పెట్రోల్ అంతా అటే పోయి జెట్ నిద్రపోతుంది. ఎదురు ప్రెషర్ 1.1కు దిగింది, ఐడ్లింగ్‌లో రెయిల్ 2.36, ఈసీయూ దిద్దుబాటు రెండు శాతం లోపు.

పంపును ఐడ్లింగ్‌లో నెమ్మదిగా నడిపే కంట్రోలర్ పెట్టడం ఇంకో మార్గం. శబ్దం తగ్గుతుంది, పెట్రోల్ తక్కువ వేడెక్కుతుంది. అయితే దానికి ఆ పనికే చేసిన సాలిడ్ స్టేట్ కంట్రోలర్ కావాలి, మామూలు రిలేను వేగంగా కొట్టించలేం.

రెగ్యులేటర్ సెట్టింగ్, తుది పరీక్ష

వ్యాక్యూమ్ గొట్టం తీసి, మ్యానిఫోల్డ్ వైపు మూసి, ఇంజిన్ ఐడ్లింగ్‌లో 3.0కు స్క్రూ తిప్పి లాక్ నట్ బిగించాలి. నట్ బిగించేటప్పుడు స్క్రూ కదులుతుంది, బిగించాక మళ్లీ చూడాలి. గొట్టం థ్రాటిల్ తర్వాత మ్యానిఫోల్డ్ నుంచి నేరుగా రావాలి, బ్లో ఆఫ్ వాల్వ్‌తోనో బూస్ట్ కంట్రోలర్‌తోనో పంచుకోకూడదు. రెండు చివర్లా క్లిప్ తప్పనిసరి. బూస్ట్‌లో ఈ గొట్టం ఊడితే రెయిల్ 3.0కు పడిపోతుంది, తేడా 1.6 మాత్రమే మిగులుతుంది.

పరీక్షలు మూడు పరిస్థితుల్లో చేశాం: చల్లటి ఇంధనంతో, పావు ట్యాంకుతో, బండి బాగా నడిచి ఇంధనం వేడెక్కాక. మూడోదే కష్టమైనది. పంపు రోజంతా తిప్పి తిప్పి పంపే పెట్రోల్ ఇంజిన్ వేడిని ట్యాంకుకు మోసుకొస్తుంది, వేడి పెట్రోల్ పీల్చే వైపు త్వరగా ఆవిరవుతుంది. లాగ్‌లో ప్రెషర్ గీత నున్నగా కాకుండా వణుకుతూ కనబడితే అదే గుర్తు. ఇక్కడ గీత నున్నగానే ఉంది. 6,500 దగ్గర రెయిల్ 4.38, నిష్పత్తి 11.5–11.7, ఇంజెక్టర్ డ్యూటీ 80 శాతం. తేడా 2.7 కంటే తగ్గితే బూస్ట్ కట్ చేసేలా ఈసీయూలో హద్దు పెట్టాం. లీన్ ఉన్న రోజుల్లో ఎవరైనా మ్యాప్ పై గడుల్లో అదనపు ఇంధనం కలిపి ఉంటే, ప్రెషర్ సరిచేశాక దాన్ని తీసేయాలి, లేకపోతే అంతే మేర రిచ్ అవుతుంది.

ఈ పద్ధతి రిటర్న్ లైన్ ఉన్న బండ్లకు. రెగ్యులేటర్ ట్యాంకులోనే ఉండి రెయిల్‌కు స్థిరమైన ప్రెషర్ పంపే బండ్లలో బూస్ట్ పెరిగిన కొద్దీ తేడా తగ్గడం సహజం, దాన్ని ఈసీయూ లెక్కలో వేసుకుంటుంది. అక్కడ 3.0 స్థిరంగా లేదని లోపం వెతకకూడదు.

ఈ అమరికకు పెట్రోల్ మీద 60 శాతం మిగులు ఉంది. ఈ85 (85 శాతం దాకా ఇథనాల్ కలిసిన ఇంధనం) పోస్తే అదే శక్తికి ఇంధనం 35–40 శాతం ఎక్కువ కావాలి, అంటే గంటకు 165 లీటర్ల దగ్గర. 194 ఇచ్చే సరఫరా దాన్ని ఆదుకుంటుంది, మిగులు 20 శాతం లోపే ఉన్నా. ఇంజెక్టర్లు ఆదుకోవు: ఒక్కోటి నిమిషానికి 690 సీసీ పోయాలి, 630 సీసీ ఇంజెక్టర్ నిరంతరం తెరిచి ఉన్నా అంత ఇవ్వలేదు. కాగితం ఫిల్టర్‌ను కూడా స్టీలు జాలీ రకానికి మార్చాలి, పంపు ఇథనాల్‌కు తగినదో కాదో చూసుకోవాలి. పెట్రోల్ మీదే నడిపితే ఫిల్టర్‌కు ముందు వెనకల తేడా 0.3 బార్ దాటినప్పుడు ఫిల్టర్ మార్చడం, సర్వీసుకు వచ్చిన ప్రతిసారీ పంపు తీగల దగ్గర వోల్టేజిని పంపు నడుస్తుండగా చూడటం చాలు.